తయారీ రంగంలో చేరిన మహిళలు పనిలో కొనసాగడానికి ఏ ప్రభుత్వ విధానాలు తోడ్పడుతున్నాయి, ఏవి అడ్డుపడుతున్నాయి?

శ్రామిక_అధ్యయనం (చర్చ ప్రారంభకురాలు)

సభ్యులందరికీ నమస్కారం. తయారీ పరిశ్రమల్లో మహిళల ఉపాధి మీద వివిధ దేశాల ప్రభుత్వాలు తీసుకున్న చర్యలను కొంతకాలంగా చదువుతున్నాను. కొత్తగా ఎంతమందిని చేర్చుకోవాలి, ఎంతమందికి శిక్షణ ఇవ్వాలి అన్న లక్ష్యాలు విధాన పత్రాల్లో పుష్కలంగా కనిపిస్తాయి కానీ, చేరినవారు పనిలో కొనసాగడానికి ఏం చేయాలన్నది మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టేస్తున్నారు. నియామకానికి రాయితీ ఇచ్చే ప్రభుత్వమే, తెలిసో తెలియకో, అదే మహిళను కొన్నేళ్లలో బయటికి పంపే నిబంధనను కూడా అమలు చేస్తూ ఉండవచ్చునన్నది నా అనుమానం.

ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ, రాత్రి షిఫ్టు, ఉద్యోగ ఒప్పందాల స్వరూపం, ప్రమాదకరమైన పనుల మీద ఉన్న నిషేధాలు వంటి అంశాల్లో ఏ నిబంధన నిజంగా నిలబెడుతోంది, ఏది పైకి రక్షణగా కనబడుతూ ఉద్యోగానికే ఎసరు పెడుతోంది అన్నది మీ అనుభవంతోనూ, చదువుతోనూ చెప్పవలసిందిగా కోరుతున్నాను. కార్యాలయ ఉద్యోగాలను పక్కన పెట్టి, యంత్రాల దగ్గర పనిచేసేవారికే చర్చను పరిమితం చేద్దాం.

కుట్టు_విభాగం

నేను దుస్తుల తయారీలో లైన్ పర్యవేక్షకురాలిని. అంతకుముందు ఆపరేటర్‌గానే చేశాను. కాన్పుకు వెళ్లినవారు తిరిగి రారని బయటివారు అనుకుంటారు. నేను చూసినంతలో చాలామంది తిరిగి వస్తారు, వచ్చిన తరువాతనే నిలబడలేక మానేస్తారు.

కాలరు కుట్టడంలో చెయ్యి తిరిగిన ఒక ఆపరేటర్ సంగతి చెబుతాను. సెలవుకు వెళ్లేనాటికి ఆమె లైన్‌లో అందరికంటే ముందుగా టార్గెట్ పూర్తి చేసేది. దాని మీద వచ్చే ఇన్సెంటివ్ ఆమె చేతికందే మొత్తంలో చెప్పుకోదగ్గ భాగంగా ఉండేది. తిరిగి వచ్చేసరికి ఆ మిషన్ మరొకరికి ఇచ్చేశారు. ఆమెను ఫ్లోటర్‌గా పెట్టారు, అంటే ఆ పూట ఎవరు రాకపోతే వారి స్థానంలో కూర్చోవాలి. పొద్దున కఫ్, మధ్యాహ్నం పాకెట్, మర్నాడు మరొకటి. ఏ ఆపరేషన్‌లోనూ చేతికి వేగం రాకముందే మార్చేస్తుంటే, గంటగంటకూ బోర్డు మీద రాసే అంకెల్లో ఆమె లెక్క అట్టడుగుకు పోయింది. మూల వేతనం పైసా తగ్గలేదు కనుక నిబంధనల ప్రకారం తప్పేమీ జరగనట్టే. ఇన్సెంటివ్ మాత్రం పోయింది, దానికి తోడు నలుగురిలో మాట పడవలసి వచ్చింది. కొద్ది నెలలకే రాజీనామా ఇచ్చింది. రిజిస్టర్‌లో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాశారు.

సెలవు తరువాత అదే ఉద్యోగం గానీ, దానికి సమానమైనది గానీ ఇవ్వాలని చట్టాలు చెబుతున్నాయి. యంత్రం, ఆపరేషన్, ఇన్సెంటివ్ అవకాశం మూడూ కలిస్తేనే మా దగ్గర ఉద్యోగం అవుతుంది. నిబంధనలు రాసేటప్పుడు ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పి ఉండవలసింది.

చిన్న_యూనిట్_యజమాని

పెద్ద కర్మాగారాల్లో వందలమంది ఉంటారు కాబట్టి ఒకరు సెలవు పెట్టినా లైన్ నడుస్తుంది. నా వంటివారి దగ్గర ఇరవై ముప్పైమంది ఉంటారు. అందులో ఇద్దరు ఒకే సమయంలో ఆరు నెలలు సెలవులో ఉంటే వారి వేతనమూ ఇవ్వాలి, బదులు వచ్చినవారికీ వేతనం ఇవ్వాలి, కొత్తవారు చెడగొట్టిన సరుకు నష్టమూ భరించాలి. మహిళలు పనిలో ఉండాలన్నదాన్ని నేను కాదనడం లేదు. సమాజానికి అవసరమైన మంచి పనికి అయ్యే ఖర్చును ఎవరు మహిళను చేర్చుకుంటే వారి నెత్తినే వేసి, చేర్చుకోనివాడిని హాయిగా వదిలేసే విధానం న్యాయమైనదేనా అన్నదే నా ప్రశ్న. పెళ్లయిన వయసు అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తే యజమానులు మనసులో వేసుకునే లెక్క ఏమిటో ఈ వేదికలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు, అంతే.

చట్టం_చదువరి

యజమాని గారి ప్రశ్నకు అంతర్జాతీయ కార్మిక సంస్థ చాలాకాలం క్రితమే జవాబు ఇచ్చింది. 2000లో వచ్చిన 183వ ఒడంబడిక కనీసం 14 వారాల ప్రసూతి సెలవునూ, అంతకుముందరి సంపాదనలో మూడింట రెండు వంతులకు తగ్గని నగదు ప్రయోజనాన్నీ నిర్దేశిస్తూనే, ఆ ప్రయోజనాన్ని సాంఘిక బీమా ద్వారా గానీ ప్రభుత్వ నిధుల నుంచి గానీ ఇవ్వాలనీ, నేరుగా అయ్యే ఖర్చుకు యజమానిని వ్యక్తిగతంగా బాధ్యుణ్ని చేయకూడదనీ చెబుతుంది. ఈ చివరి మాట దయతో రాసినది కాదు. ఖర్చు యజమానిదైతే మహిళలను చేర్చుకోవడమే తగ్గుతుందన్న అనుభవం దాని వెనక ఉంది.

స్వీడన్‌లో తల్లిదండ్రుల సెలవు 480 రోజులు. ఆ డబ్బును సాంఘిక బీమా సంస్థ చెల్లిస్తుంది, అందులో 90 రోజులు తండ్రికి, 90 రోజులు తల్లికి విడిగా కేటాయించి ఉంటాయి. తండ్రి వాడుకోకపోతే ఆ రోజులు మురిగిపోతాయి. దీనివల్ల సెలవు పెట్టే అవకాశం మగ కార్మికుడికీ ఉంటుంది కనుక, నియామక సమయంలో వేసే ఆ మౌన గణితం కొంతైనా తారుమారవుతుంది.

భారతదేశంలో రెండు దారులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి రెండు కాన్పులకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది, ఆ నిబంధన కింద ఖర్చు పూర్తిగా యజమానిదే. కానీ ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలోకి వచ్చే కార్మికురాలికి, అంటే పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే కర్మాగారంలో నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్న ఉద్యోగినికి, ఆ ప్రయోజనాన్ని బీమా సంస్థే చెల్లిస్తుంది. యజమాని 3.25 శాతం, కార్మికులు 0.75 శాతం చందా కడతారు, చందా మగవారి వేతనం మీదా ఆడవారి వేతనం మీదా ఒకటే. ఇంత ముఖ్యమైన తేడాను పత్రికల్లో రాసేవారు కూడా తరచుగా పట్టించుకోరు. మహిళను చేర్చుకుంటే ఆరు నెలల జీతం నష్టమని భయపెట్టే వ్యాసాలు ఎక్కువగా కార్యాలయాల లెక్కను కర్మాగారాలకు అంటగడుతున్నాయి.

చిన్న_యూనిట్_యజమాని

బీమా సంగతి సరే. వేతనం బీమా ఇస్తుంది, బదులు మనిషిని తయారుచేయడానికి పట్టే కాలాన్ని ఎవరిస్తారు? ఇక శిశు సంరక్షణ కేంద్రం నిబంధన ఎలాగూ ఉంది. ఇంతమంది ఉంటే కేంద్రం పెట్టాలని చట్టం గీసిన గీతకు ఒక్క మనిషి ఇవతల ఆగిపోయే యూనిట్లను నేను చాలా చూశాను.

అంకెల_మనిషి

గీత ఎక్కడ గీశారన్నదానికంటే దేన్ని లెక్కపెట్టి గీశారన్నదే ముఖ్యం. భారతదేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి మహిళా కార్మికులు ఉన్న చోట శిశు సంరక్షణ గది ఉండాలన్నది. బంగ్లాదేశ్‌లో 2006 కార్మిక చట్టం ప్రకారం ఆ సంఖ్య 40 మంది మహిళలు, చిలీలో 20 మంది మహిళలు. ఇలా రాసిన ప్రతి చోటా ప్రభుత్వం యజమానికి చెబుతున్నది ఒకటే: ఇంకొక మగవాణ్ని చేర్చుకుంటే నీకు కొత్త ఖర్చేమీ లేదు, ఇంకొక మహిళను చేర్చుకుంటే మాత్రం గది కట్టాలి, ఆయాను పెట్టాలి. చిలీ నిబంధనను పరిశీలించిన ఆర్థికవేత్తలు, ఆ బాధ్యత పడిన సంస్థల్లో కొత్తగా చేరే మహిళల ప్రారంభ వేతనాలు తగ్గాయని తేల్చారు. అంటే కేంద్రం ఖర్చును చివరికి తల్లులే, తల్లులు కాని ఆడవారు కూడా, తమ జీతంలోంచి కట్టుకున్నారన్నమాట.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. జోర్డాన్ 2019లో నిబంధనను మార్చి, మహిళల సంఖ్య బదులు, ఉద్యోగులందరికీ కలిపి అయిదేళ్లలోపు పిల్లలు 15 మంది ఉంటే సౌకర్యం కల్పించాలన్నది. తండ్రి పనిచేస్తున్నా పిల్ల లెక్కలోకి వస్తుంది. భారతదేశంలో 2017 సవరణ స్త్రీపురుషులు కలిపి 50 మంది ఉద్యోగులున్న సంస్థకు ఈ బాధ్యతను వర్తింపజేసింది. నా దృష్టిలో ఈ ఒక్క మార్పు పది ప్రోత్సాహక పథకాలతో సమానం, ఎందుకంటే దీనికి బడ్జెట్ అక్కర్లేదు, యజమాని లెక్కలోంచి మహిళ అన్న గడిని తీసేస్తే చాలు.

మానవ_వనరులు

అంకెల మనిషి గారు చెప్పినది నియామకం వరకు నిజం. కొనసాగడం విషయానికి వస్తే కథ ఇంకా ఉంది. నేను పనిచేసిన ఒక చోట శిశు సంరక్షణ గది ఉండేది. గోడల మీద బొమ్మలు, ఊయలలు, రిజిస్టర్, అన్నీ ఉండేవి. తనిఖీ ఉన్న రోజున తాళం తీసేవారు. మిగతా రోజుల్లో పిల్లలే వచ్చేవారు కారు. కారణం యాజమాన్యపు దుర్మార్గం ఒక్కటే అనుకుంటే పొరపాటు. గంటన్నర ప్రయాణం ఉన్న కిక్కిరిసిన బస్సులో, పొద్దున ఆరు గంటలకు మొదలయ్యే షిఫ్టుకు, చంటిబిడ్డను తెల్లవారకముందే లేపి తీసుకురావడానికి ఏ తల్లి ఇష్టపడుతుంది? ఆమెకు కావలసింది ఇంటికి దగ్గరగా, షిఫ్టు వేళలకు సరిపోయేలా నడిచే కేంద్రం. అది ఒక్కొక్క యజమాని వల్ల అయ్యే పని కాదు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు అయిదు డాలర్ల రుసుముతో శిశు సంరక్షణను మొదలుపెట్టింది. యజమానితో సంబంధం లేకుండా నేరుగా కుటుంబాలకు అందించడం వల్ల చిన్నపిల్లల తల్లుల్లో ఉద్యోగాలు చేసేవారి సంఖ్య స్పష్టంగా పెరిగింది. షిఫ్టుల సమస్య మాత్రం అక్కడా పూర్తిగా తీరలేదు, ఎందుకంటే చాలా కేంద్రాలు ఆఫీసు వేళలకే తెరుస్తాయి.

పాత_సంఘం_కార్యకర్త

షిఫ్టుకు తగ్గట్టు నడిచిన కేంద్రాలకు మంచి ఉదాహరణ యుద్ధకాలం నాటి అమెరికాలో ఉంది. పోర్ట్‌లాండ్‌లోని కైజర్ నౌకా నిర్మాణ కేంద్రాల్లో 1943లో తెరిచిన శిశు కేంద్రాలు గేటు పక్కనే ఉండేవి, రాత్రి షిఫ్టు తల్లుల పిల్లలనూ చూసుకునేవి, ఒంట్లో నలతగా ఉన్న పిల్లల కోసం వైద్య గది ఉండేది, ఇంటికి వెళ్లేటప్పుడు కేంద్రంలో వండిన భోజనాన్ని తల్లి కొని తీసుకుపోవచ్చు. ఇదంతా యజమాని ఔదార్యం అని చెప్పుకుంటారు గానీ, భవనాలు కట్టించింది ప్రభుత్వ నౌకా సంఘం, నడిపే ఖర్చు ఓడల తయారీ ఖర్చులో కలిపి ప్రభుత్వం నుంచే రాబట్టుకున్నారు. లాన్హమ్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నిధులతో దేశమంతా నడిచిన కేంద్రాలు వేరు, అవి సుమారు మూడు వేలు. యుద్ధం ముగిసింది, 1946 నాటికి ఆ నిధులు ఆగిపోయాయి, కేంద్రాలు చాలా వరకు మూతపడ్డాయి. ప్రభుత్వానికి అవసరమైనప్పుడు మహిళలు పనిలో ఉండేందుకు కావలసినవన్నీ ఎంత త్వరగా సమకూరుతాయో, అవసరం తీరాక ఎంత త్వరగా మాయమవుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక రాత్రి పని సంగతి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పెట్టిన తొలి ఒడంబడికల్లోనే మహిళల రాత్రి పని మీద నిషేధం ఉంది, దాన్ని 1948లో 89వ ఒడంబడికగా సవరించారు. సంఘాల్లో మావాళ్లు చాలామంది దాన్ని సాధించుకున్న హక్కుగానే చూశారు. కానీ ఫ్రాన్స్‌లో ఏం జరిగిందో చూడండి. ఒక కర్మాగారం ఆర్థిక ఇబ్బందుల్లో పడి సిబ్బందిని తొలగించాలనుకుంది. సంఘాలతో చర్చలు జరిగాయి, రాత్రి షిఫ్టుతో కలిపి నిరంతరాయంగా నడిపితే కొన్ని ఉద్యోగాలు నిలుస్తాయన్నారు, మహిళా కార్మికులు ఓటు వేసి దానికి ఒప్పుకున్నారు. అప్పుడు ప్రభుత్వం, మహిళలతో రాత్రి పని చేయించినందుకు ఆ సంస్థ అధికారి మీద కేసు పెట్టింది. 1991లో యూరోపియన్ న్యాయస్థానం, మగవారికి లేని నిషేధాన్ని ఆడవారికి మాత్రమే చట్టంలో పెట్టడం సమాన అవకాశాల సూత్రానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఫ్రాన్స్ ఆ నిషేధాన్ని 2001లో ఎత్తివేసింది. జపాన్ 1999లోనే మహిళల రాత్రి పని మీద ఉన్న ఆంక్షలను తొలగించింది. భారతదేశపు ఫ్యాక్టరీల చట్టంలో ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే పని అన్న నిబంధనను 2000లో మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి (లేబర్ కోడ్) ఆ వేళలకు వెలుపల కూడా వారి అంగీకారంతో పని చేయించుకోవచ్చునంటోంది.

నిషేధం పోవాలన్నదే నా అభిప్రాయం కూడా. మూడు షిఫ్టుల పరిశ్రమలో రెండు షిఫ్టులకే పనికివచ్చే మనిషిని తగ్గింపుల సమయంలో ముందుగా తీసేస్తారు, షిఫ్టు ఇన్‌ఛార్జిగా అసలు చేయరు. అయితే నిషేధం ఎత్తేసి చేతులు దులుపుకునే ప్రభుత్వాలతోనూ చిక్కే. 1990లో వచ్చిన 171వ ఒడంబడిక సరైన దారి చూపింది: రాత్రి పనివల్ల కలిగే హాని స్త్రీపురుషులిద్దరికీ ఉంటుందని ఒప్పుకుని రక్షణలు ఇద్దరికీ ఇచ్చింది, కాన్పుకు ముందూ వెనకా కలిపి కనీసం 16 వారాల పాటు మహిళలకు పగటి పని వంటి ప్రత్యామ్నాయం చూపాలన్నది.

కుట్టు_విభాగం

అంగీకారం గురించి ఒక్క మాట. చేరిన రోజున సంతకం పెట్టించుకునే కాగితాల కట్టలో రాత్రి షిఫ్టుకు అంగీకార పత్రం కూడా ఉంటుంది. అందులో ఏముందో చదివే తీరిక ఎవరికీ ఉండదు, చదివి పెట్టనన్న వారికి ఉద్యోగం ఉండదు. అంగీకారాన్ని నెలనెలా మార్చుకునే వీలు ఉంటేనే, వద్దన్నందుకు ఇన్సెంటివ్ లైన్ నుంచి తప్పించకుండా ఉంటేనే దానికి విలువ ఉంటుంది. ఇంటి గుమ్మం దాకా వాహనం లేని చోట ఆ సంతకం ఎందుకూ కొరగాదు. రాత్రి దిగిన స్టాపు నుంచి ఇంటికి నడవవలసిన దూరం భరించలేక మానేసినవారిని నేను ఎరుగుదును.

బ్యాటరీ_భద్రత

నేను పారిశ్రామిక ఆరోగ్య భద్రతలో పనిచేస్తాను. చర్చ అంతా ప్రసూతి చుట్టూ, షిఫ్టుల చుట్టూ తిరుగుతోంది కనుక, ప్రమాదకరమైన పనుల నుంచి మహిళలను తప్పించడం అన్న విషయాన్ని ముందుకు తెస్తాను.

అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీల సంస్థ 1982లో ఒక నియమం పెట్టింది. సీసం తగిలే పనుల్లోనూ, అక్కడికి పదోన్నతి మీద చేరుకోగల పనుల్లోనూ, బిడ్డను కనే శక్తి లేదని వైద్యుడి ధ్రువపత్రం తెచ్చిన మహిళలను మాత్రమే ఉంచుతామన్నది. దాని ఫలితం చూడండి. ఒక మహిళ ఉద్యోగం పోకుండా ఉండేందుకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించుకుంది. మరొక మహిళను వేరే పనికి మార్చితే జీతం తగ్గిపోయింది. అదే చోట ఒక మగ కార్మికుడు, తండ్రి కావాలనుకుంటున్నాననీ, రక్తంలో సీసం తగ్గేవరకు సెలవు ఇమ్మనీ అడిగితే ఇవ్వలేదు. సీసం పురుషుల సంతానశక్తి మీద కూడా దెబ్బ తీస్తుందన్నది అప్పటికే తెలిసిన విషయం. 1991లో సుప్రీంకోర్టు ఆ నియమం వివక్షేనని తేల్చి, పుట్టబోయే పిల్లల క్షేమం గురించిన నిర్ణయం తల్లిదండ్రులదే గాని యజమానిది కాదన్నది.

మా వృత్తిలో గాలిని శుద్ధి చేయడం, దుమ్మును పుట్టిన చోటే పీల్చేయడం మొదటి మెట్టు, మనిషిని తప్పించడం చివరి మెట్టు. మహిళలను తప్పించే వీలు చట్టం కల్పిస్తే యాజమాన్యం ఆ చివరి మెట్టుకే గెంతుతుంది, మగవాళ్లు అదే దుమ్ము పీలుస్తూ మిగిలిపోతారు.

ఇటువంటి నిషేధాలు చిన్నవి కూడా చాలా ఉంటాయి, అవి పైకి కనబడవు. భారతదేశపు పాత ఫ్యాక్టరీల చట్టం, నడుస్తున్న యంత్రాన్ని శుభ్రపరచడం, నూనె వేయడం, సర్దడం వంటి పనులను, కదిలే భాగాలవల్ల గాయపడే ప్రమాదం ఉన్న చోట, మహిళలు చేయకూడదన్నది. యంత్రం నడుస్తుండగా ఎవరూ చేయి పెట్టకూడదన్నదే మంచి నియమం. మహిళలకు మాత్రమే వర్తింపజేస్తే ఆమె ఎన్నేళ్లయినా ఆపరేటర్‌గానే ఉంటుంది, మెకానిక్ కాలేదు, కాబట్టి జీతం ఒక చోట ఆగిపోతుంది. పదేళ్ల అనుభవానికీ రెండేళ్ల అనుభవానికీ చేతికందే డబ్బులో తేడా లేనప్పుడు మానేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కొత్త స్మృతిలో నిషేధానికి బదులు, ప్రమాదకరమైన పనుల్లో మహిళలను పెట్టేముందు తగిన రక్షణలు కల్పించమని యజమానిని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చారు. రక్షణలు అందరికీ అని ఉంటే ఇంకా బాగుండేది.

అంకెల_మనిషి

మహిళలు ఆపరేటర్‌గానే ఆగిపోతారని భద్రత గారు చెప్పిన సంగతికి ఒక చేర్పు. కొత్త యంత్రాలు వచ్చి పరిశ్రమ పెట్టుబడి వైపు మొగ్గినకొద్దీ కార్మికుల్లో మహిళల వాటా తగ్గడం ఎన్నో దేశాల్లో కనిపించింది. కంప్యూటర్‌తో నడిచే అల్లిక యంత్రం వచ్చినప్పుడు దాని మీద శిక్షణకు మగవాళ్లను పంపుతారు. అందుకే శిక్షణ నిధులు ఇచ్చే ప్రభుత్వం, కొత్తగా చేరే అమ్మాయిలకు ప్రాథమిక కుట్టు శిక్షణ ఇప్పించడంతో ఆగకుండా, ఇప్పటికే పనిచేస్తున్న ఆపరేటర్లను యంత్ర నిర్వహణకు పంపితేనే డబ్బు అని షరతు పెట్టాలి.

చట్టం_చదువరి

ఒప్పందాల స్వరూపం గురించి ఇంకా ఎవరూ రాయలేదు. నా అంచనాలో ఇతర రక్షణలన్నిటికీ గండి కొట్టేది ఇదే.

గర్భవతిని తొలగించకూడదని దాదాపు అన్ని దేశాల చట్టాలూ చెబుతాయి. మూడు నెలలకో ఆరు నెలలకో ముగిసే ఒప్పందం ఉన్నప్పుడు ఎవరూ ఎవరినీ తొలగించనక్కరలేదు, గడువు తీరాక కొత్త కాగితం ఇవ్వకపోతే సరిపోతుంది. యూరోపియన్ న్యాయస్థానం 2001లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక కేసులో, గర్భం కారణంగా ఒప్పందాన్ని పునరుద్ధరించకపోవడం కూడా లింగ వివక్షేనని చెప్పింది. తీర్పు మంచిదే, కానీ కారణం గర్భమేనని రుజువు చేయాలి కదా. పైగా ప్రయోజనాలకు కనీస సేవాకాలం షరతు ఉంటుంది. బంగ్లాదేశ్ చట్టంలో కాన్పుకు ముందు ఆరు నెలలు అదే యజమాని వద్ద పనిచేసి ఉండాలి, భారతదేశపు ప్రసూతి ప్రయోజనాల నిబంధనల్లో అంతకుముందరి పన్నెండు నెలల్లో 80 రోజులు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త యజమాని పేరు రాసే చోట, ఏళ్ల తరబడి అదే గేటులోంచి లోపలికి వెళ్లిన మనిషికి కూడా కాగితం మీద సేవాకాలం మిగలదు. ఈ విషయంలో బీమా పద్ధతి మెరుగు. చందా మనిషి పేరు మీద ఉంటుంది కనుక యజమాని మారినా లెక్క కొనసాగుతుంది.

మెక్సికో సరిహద్దు కర్మాగారాల్లో ఉద్యోగానికి ముందు గర్భ పరీక్ష చేయించడాన్ని 1996లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ బయటపెట్టింది. అటువంటి ధ్రువపత్రం అడగకూడదని అక్కడి కార్మిక చట్టంలో స్పష్టంగా రాసింది 2012లో. ఆ మధ్య పదహారేళ్లలో ఎంతమంది ఉద్యోగాలకు దూరమయ్యారో ఊహించుకోవచ్చు.

శ్రామిక_అధ్యయనం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అమలు గురించి ఒక ప్రశ్న. తనిఖీ అధికారులు తక్కువగా ఉండే చోట, ప్రభుత్వం చేతిలో ఉన్న ఇతర పనిముట్లు, అంటే ఎగుమతి అనుమతులు, పరిశ్రమలకు ఇచ్చే రాయితీలు వంటివి, ఈ పనికి వాడిన ఉదాహరణలు ఉన్నాయా?

పాత_సంఘం_కార్యకర్త

ఉన్నాయి. 1999లో అమెరికా, కంబోడియా కుదుర్చుకున్న జౌళి ఒప్పందంలో, కర్మాగారాల్లో పని పరిస్థితులు మెరుగైతే దిగుమతి కోటా పెంచుతామన్న షరతు ఉంది. పరిస్థితులను పరిశీలించే పనిని అంతర్జాతీయ కార్మిక సంస్థకు అప్పగించారు. 2005తో ప్రపంచ వ్యాప్తంగా జౌళి కోటాలే రద్దు కావడంతో ఆ తాయిలం పోయింది, పరిశీలన మాత్రం కొనసాగింది. 2014 నుంచి కర్మాగారాల పేర్లతో సహా ఫలితాలను బయటపెడుతున్నారు. పేరు బయటికి వస్తుందంటే కొనుగోలుదారుల భయం ఉంటుంది, అది జరిమానా కంటే గట్టిగా పనిచేస్తుంది.

ఈమధ్యకాలపు ఉదాహరణ కూడా ఒకటుంది. సెమీకండక్టర్ చిప్‌ల తయారీని ప్రోత్సహించడానికి 2022లో వచ్చిన అమెరికా చిప్స్ చట్టం కింద 15 కోట్ల డాలర్లకు మించి సాయం కోరే సంస్థలు, కర్మాగార సిబ్బందికీ నిర్మాణ కార్మికులకూ శిశు సంరక్షణ ఎలా అందిస్తారో ప్రణాళిక ఇవ్వాలని 2023లో షరతు పెట్టారు. సాయం తీసుకునేవాడికే షరతు కాబట్టి, ఇష్టం లేనివాడు సాయం మానుకోవచ్చు. చిన్న యూనిట్లకు ఇది అందదన్న మాట నిజం.

మానవ_వనరులు

నియామక రాయితీలను కూడా ఇదే తీరులో మార్చవచ్చు. చేరిన నెలలో మొత్తం డబ్బు ఇచ్చేస్తే, రాయితీ కాలం ముగియగానే ఆ బ్యాచ్‌ని పంపించి కొత్త బ్యాచ్‌ని తెచ్చుకునే యాజమాన్యాలు ఉంటాయి. అందులో కొంత భాగాన్ని, సెలవు నుంచి తిరిగి వచ్చిన మహిళ ఏడాది పూర్తి చేశాకే ఇస్తే, కుట్టు విభాగం గారు చెప్పిన ఫ్లోటర్ వ్యవహారం మీద యాజమాన్యానికే శ్రద్ధ పుడుతుంది. లైన్‌లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఏ తనిఖీ అధికారీ చెప్పలేడు, డబ్బు చెప్పగలదు.

చిన్న_యూనిట్_యజమాని

నేను అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. బదులు మనిషిని తయారుచేసే ఖర్చు సంగతి ఏమిటి? పెద్ద సంస్థలకు షరతులతో కోట్లు ఇస్తారు, మాకు నిబంధనలు మాత్రమే ఇస్తారు.

చట్టం_చదువరి

దానికి దగ్గరగా వచ్చే ఏర్పాటు బ్రిటన్‌లో ఉంది. అక్కడ చట్టబద్ధమైన ప్రసూతి వేతనాన్ని యజమానే చెల్లించి, తరువాత ప్రభుత్వం నుంచి రాబట్టుకుంటాడు. పెద్ద సంస్థలకు 92 శాతం తిరిగి వస్తుంది. జాతీయ బీమా చందా ఏడాదికి 45,000 పౌండ్లకు మించని చిన్న యజమానులకు చెల్లించినదానికంటే ఎక్కువే వస్తుంది. ఇంతకుముందు అది 103 శాతం ఉండేది, 2025 ఏప్రిల్‌లో 108.5 శాతం చేశారు. ఆ పైమొత్తం యజమాని వైపు నుంచి కట్టే బీమా చందాకు పరిహారంగా ఉద్దేశించినది, శిక్షణ ఖర్చుకని ప్రత్యేకంగా ఇచ్చినది కాదు. అయినా చిన్నవాడికి ఎక్కువ శాతం ఇవ్వడమన్న సూత్రం అందులో ఉంది, దాన్ని శిక్షణకూ పొడిగించడానికి అడ్డేమీ లేదు.

చిన్న_యూనిట్_యజమాని

శాతం కంటే డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నది మాకు ముఖ్యం. దరఖాస్తు పెట్టి ఏడాది ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తే ఆ 108 శాతం ఎవరికీ అక్కర్లేదు.

చట్టం_చదువరి

తిరగనక్కరలేదు. పన్ను శాఖకు ప్రతి నెలా కట్టవలసిన మొత్తంలోంచే ఆ సొమ్మును మినహాయించుకుంటారు. కట్టవలసినది అంతకంటే తక్కువగా ఉంటే ముందుగానే అడిగి తెచ్చుకునే వీలు కూడా ఉంది.

చిన్న_యూనిట్_యజమాని

అలా మినహాయించుకునే పద్ధతి ఉంటే, బదులు మనిషిని రెండు నెలల ముందే తెచ్చి, సెలవుకు వెళ్లబోయే ఆపరేటర్ చేతనే పని నేర్పిస్తాను. ఆమె తిరిగి వచ్చాక తన మిషన్ తనకే ఇస్తాను, ఎందుకంటే ఆ రెండోమనిషికి అప్పటికి మరో మిషన్ కూడా వచ్చి ఉంటుంది.